ఆ సూది పనిచేసింది

నా కుడిచేతి బొటనవేలు బాగానే ఉంది. ఈ ఒక్క మాట చెప్పడానికి నాకు పాతికేళ్ళు పైనే పట్టింది.

మీకు నవ్వు రావచ్చు. బాగున్న వేలిని బాగుందని చెప్పడానికి ఇంత తంటా ఎందుకు? నిజమే. కానీ అన్నేళ్ళూ నేను, ముఖ్యంగా ఒక్క మనిషి ఎదుట, ఈ వేలిని అరచేతిలోకి మడిచి దాచుకుని తిరిగాను. కాఫీ గ్లాసు పట్టుకోవాలన్నా, తాళం తీయాలన్నా, చీర కుచ్చిళ్ళు సర్దుకోవాలన్నా, ఆమె దగ్గర్లో ఉందా అని ముందు చుట్టూ చూసుకునేదాన్ని. దాచీ దాచీ అదే అలవాటైంది. ఎందుకు దాస్తున్నానో ఒక్కోసారి నాకే గుర్తుండేది కాదు, బరువు మాత్రం దిగేది కాదు. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. అందుకే మీకు చెప్పడం సులువు.

మాది చెన్నై ఉత్తరాన తిరువొత్తియూరు. మా అత్తగారి వాళ్ళు ఎన్ని తరాల కిందట నెల్లూరు వైపునుంచి వచ్చారో ఇంట్లో ఎవరికీ సరిగ్గా తెలియదు. లోపల తెలుగు, గడప దాటితే తమిళం. మగవాళ్ళు పొద్దున్నే మిరపకాయల మండీకి వెళ్ళిపోయేవారు. ఇంట్లో ముగ్గురం ఆడవాళ్ళం: అత్త, నేను, నా తోడికోడలు. ఆమెను వనజ అంటాను. అసలు పేరు అది కాదు. నాకంటే తొమ్మిదేళ్ళు చిన్నది, నన్ను అక్కా అని పిలుస్తుంది.

మా వాళ్ళలో పెళ్ళి సారెకు చేతిమురుకులు పెడతారు. గొట్టంలో వేసి నొక్కినవి పిల్లలు తినడానికి, సారెకు పనికిరావు. చేతిమురుకు అంటే పిండిముద్ద కుడిచేతిలో పట్టుకుని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సన్నగా సాగదీస్తూ, సాగిన దాన్ని మెలి తిప్పుతూ, పరిచిన గుడ్డ మీద చుట్లుచుట్లుగా దించాలి. మూడు చుట్లు ఎవరైనా చుడతారు. ఏడు చుట్లు, మెలి ఎక్కడా తప్పకుండా, మా ఇంట్లో నాకే వచ్చు. పైగా మా అత్తకు ఒక పట్టింపు ఉండేది. తొలి చుట్టు చుట్టిన చెయ్యే ఆఖరి చుట్టూ చుట్టాలి. మధ్యలో చెయ్యి మారితే పెళ్ళిలో మాట మారుతుందట. కాబట్టి నూటొక్క మురుకులంటే నూటొక్కటీ నేనే.

చుట్టాల్లో ఎవరింట పెళ్ళయినా కబురు మా ఇంటికే వచ్చేది. మీ పెద్దకోడలి చెయ్యి బంగారం అనేవాళ్ళు. తలస్నానం చేసి తడి ఆరని జుట్టుతో పీట మీద కూర్చుంటే పొద్దు వాలేదాకా లేచేది లేదు. మొదటి కొన్నేళ్ళు గర్వంగానే ఉండేది. అబద్ధమెందుకు, పొగడ్తకు ఉబ్బిపోయే మనిషినే నేను. తరువాత తరువాత పెళ్ళిపత్రిక మీద పసుపు చూస్తేనే మళ్ళీ పీటేనా అనుకునేదాన్ని. ఆ మాట పైకి అనడానికి లేదు. శుభకార్యానికి విసుక్కున్న కోడలన్న పేరు ఎవరికి కావాలి?

పెళ్ళయిన పదహారేళ్ళకు వేలు పట్టేయడం మొదలైంది. పొద్దున లేచేసరికి బొటనవేలు లోపలికి వంగి ఉండేది. ఎడమచేత్తో పట్టి లాగితే టక్కుమని విడేది, ప్రాణం పోయినంత పనయ్యేది. వేలి మొదట్లో శనగగింజంత గడ్డ. నూనె రాశాం. వేడినీళ్ళు పెట్టాం. మా వీధి డాక్టరు ఒక ఇంజెక్షను చేస్తే రెండు నెలలు బాగుండి మళ్ళీ మొదటికొచ్చింది. ఆపరేషనుకు అత్త ఒప్పుకోలేదు. అరచేయి కోస్తే చేతిలో గీతలు తెగిపోతాయని ఆమె భయం. గీత తెగిన చెయ్యి సారె పిండిలో ఎట్లా పెడతావు అంది.

అప్పుడు మా పిన్ని చెప్పింది. ఆమె కాపురం కోడంబాక్కంలో. వాళ్ళ వీధిలో ఒక డాక్టరు కొత్తగా క్లినిక్ పెట్టాడనీ, కోత లేకుండా ఒట్టి సూదితోనే ఈ పట్టు విడిపిస్తున్నాడనీ చెప్పింది. మా ఊరిని ఇంకా మద్రాసు అనే రోజులవి. కోత లేదనేసరికి అత్త సరేనంది.

ఒక్కదాన్నే వెళ్ళాను. సెంట్రల్‌లో దిగి, రోడ్డు దాటి, పార్కు స్టేషనులో ఇంకో బండెక్కి. డాక్టరు చిన్నవాడు, నెమ్మదస్తుడు. నా వేలు అటూ ఇటూ వంచి చూసి, తమిళంలో నాకు అర్థమయ్యేట్టు చెప్పాడు. పావాడ బొందుకు ముడి పడితే నడుం మడతలో ఇరుక్కుంటుంది కదా, ఇదీ అంతేనమ్మా, లోపల వేలిని లాగే నరం లాంటిదానికి ముడి కట్టింది, అది దూరే సందు బిగిసింది, సూదిమొనతో ఆ సందును కాస్త చీలిస్తే చాలు అన్నాడు. బొటనవేలిలో స్పర్శ తెలిసే నరం పక్కనే పోతుంది, అందుకని కదలకూడదు అన్నాడు. అరచేయి పైకి తిప్పి, కింద గుడ్డ చుట్ట పెట్టాడు. మత్తు ఇంజెక్షను వేసినప్పుడు చీమ కుట్టినట్టు ఒక చురుకు. అంతే. తరువాత లావుపాటి సూది లోపల ఏదో గీకుతున్నట్టు గరగరమన్న చప్పుడు చేతి ఎముకల్లో వినబడింది గానీ నొప్పి లేదు.

మడవమన్నాడు. మడిచాను. చాపమన్నాడు. చాచాను. టక్కుమనలేదు. మళ్ళీ మడిచాను, మళ్ళీ చాచాను, పదిసార్లు చేశానేమో, ఆయన నవ్వాడు. నాకు ఏడుపొచ్చింది, సంతోషంతోనే. అంతా కలిపి పది నిమిషాలు. కుట్టు లేదు, కట్టు లేదు, ఒక చిన్న ప్లాస్టరు. రెండు రోజులు తడపకండి, తరువాత ఇంట్లో అన్ని పనులూ చేసుకోవచ్చు అన్నాడు.

అన్ని పనులూ. ఆ మాట దగ్గరే నేను చెడ్డాను.

తిరుగు బండిలో కూర్చుని ఆ మాటే తలుచుకుంటూ వచ్చాను. వచ్చే వారం మా ఆయన మేనమామ కూతురి పెళ్ళి. ఆ పై వారం ఇంకొకటి. వేలు బాగైందన్న సంతోషం తిరువొత్తియూరు చేరేలోగా దిగిపోయింది. గుమ్మంలోనే అత్త అడిగింది, ఏమన్నాడని. నెలరోజులు చెయ్యి కదపొద్దన్నాడు అన్నాను. అది మొదటి అబద్ధం. చిన్నదే. ఒక్క నెల విశ్రాంతి దొంగిలించుకున్నాననుకున్నాను.

ఆ నెల ఎలా గడిచిందో మీకు చెప్పాలి. మధ్యాహ్నాలు నిద్రపోయాను. వీధి చివర అద్దె పుస్తకాల కొట్టునుంచి తెలుగు నవలలు తెచ్చుకుని కిటికీ పక్కన చదువుకున్నాను. పీట మీద వనజ కూర్చుంది. నేను పక్కన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, ఇట్లా తిప్పు, ఈడ వదులు చెయ్యి అని చెప్పేదాన్ని. చెప్పేది నేను, చుట్టేది ఆమె. నెల తిరిగేసరికి ఆమెకు అయిదు చుట్లు వచ్చాయి.

నెల అయ్యాక అత్త నా చెయ్యి పట్టుకుని వంచమంది. నేను సగం వంచి, పళ్ళు బిగించి, అమ్మా అన్నాను. సినిమా స్టూడియోల కోడంబాక్కం గాలి తగిలినందుకు నటన బాగానే అబ్బింది. అత్త పాపం కళ్ళనీళ్ళు పెట్టుకుంది. బంగారంలాంటి చెయ్యి సూదిపోటుకు పాడైపోయిందని ఆ డాక్టరును తిట్టిపోసింది. ఒక పెళ్ళిలోనా, ప్రతి పెళ్ళిలోనూ చెప్పింది, ఆ సూది డాక్టరు దగ్గరికి ఎవరూ పోవద్దని. నేను పక్కనే తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. మా చుట్టాల్లో ఒక్కరూ ఆయన దగ్గరికి పోలేదు. ఆయనకు నేను చేసిన అన్యాయం కూడా ఈ లెక్కలోదే.

మా ఆయనకు తెలుసా? తెలుసనే అనుకుంటాను. ఒకసారి నేను ఊరగాయ సీసా మూత తిప్పి తీస్తుంటే చూశాడు. చూసి, పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆయన అంతే.

అప్పట్లో నాకు తప్పు చేస్తున్నానని అనిపించిందా? లేదు. దాన్నీ ఒప్పుకోవాలి. మూడేళ్ళు నేను సుఖంగా ఉన్నాను. వనజకు ఏడు చుట్లు వచ్చేశాయి, పొగడ్తలు ఆమె వైపు మళ్ళాయి, ఆమెకూ మొదట్లో సంతోషంగానే ఉండేది. నేను మోసినన్నాళ్ళు మోశాను, ఇక ఆమె వంతు అని సర్దిచెప్పుకున్నాను. వంతు అన్న మాట ఎంత బాగుంటుందో, ఎన్నింటిని కప్పిపెడుతుందో. ఆమెకు అది వంతు అని ఎవరైనా చెప్పారా, ఆమెను ఎవరైనా అడిగారా అని నన్ను నేను అడగలేదు.

ఆమె చెప్పకముందే నేను చూశాను. పొద్దున్నే కుళాయి దగ్గర వెనక్కు తిరిగి నిలబడి, ఎడమచేత్తో కుడి బొటనవేలు పట్టి లాగుకుంటోంది. నాకు చప్పుడు కూడా వినబడింది. టక్. ఆ చప్పుడు ఎరిగినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. చూసీ చూడనట్టు లోపలికి వెళ్ళిపోయాను. రెండు నెలలు అట్లాగే తప్పించుకున్నాను. ఒకరోజు మధ్యాహ్నం ఆమే నా దగ్గరికి వచ్చి కూర్చుంది. బస్సుల మీద, బోర్డుల మీద ఊరి పేరు చెన్నై అని మారుతున్న రోజులవి. నా ఒళ్ళో నవల ఉంది.

"అక్కా, నిజంగా చెప్పు. ఆ సూది నీకు రవంతైనా పనిచేసిందా?"

"ఎందుకు?"

"నాకూ నీ మాదిరే పట్టుకుంటా ఉండాది. పొద్దున్నే ఇడిపించుకునేటప్పుడు కండ్లల్లో నీళ్ళు వస్తా ఉండాయి. నీకు పనిచేసుంటే నేనూ ఆడికే పోదామని. సూదంటే నాకు బయమే. నువ్వు కూడా వస్తే పోతా."

ఇంతకంటే సులువుగా ఎవరు అడుగుతారు? అవును అంటే చాలు. అవును వనజా, పనిచేసింది, పద రేపే పోదాం. అత్త వంటింట్లో ఉంది, వినబడేంత దూరం కాదు. నా నాలుక మీదకు అవునే వచ్చింది. దాని వెనకే అత్త ముఖం వచ్చింది, మూడేళ్ళుగా నాకోసం ఆమె తిట్టిన తిట్లన్నీ వచ్చాయి, పెళ్ళి పందిళ్ళలో నా చెయ్యి చూసి అయ్యో అన్నవాళ్ళందరూ వచ్చారు.

"లేదు వనజా, పనిచెయ్యలా," అన్నాను. "పైగా ఏలు మొద్దుబారిపాయ. ఆడికి పోవద్దు."

"సరి అక్కా," అంది. నా బొటనవేలిని తన చేతిలోకి తీసుకుని నిమిరింది. "పాపం, ఎంత కష్టపడినావో," అంది.

దీని గురించి నేను ఎంత ఆలోచించానో. పనిచెయ్యలేదు అనడం పాత అబద్ధాన్ని కాపాడుకోవడానికి అనుకుందాం. మొద్దుబారింది అని ఎవరు చెప్పమన్నారు? పోవద్దు అని ఎందుకన్నాను? ఆమె పోయి బాగుపడితే, అదే డాక్టరు, అదే సూది, మరి నీకెందుకు బాగవలేదని ఎవరైనా అడుగుతారు. మళ్ళీ ఒకసారి చూపించుకో అంటారు. డాక్టరే నన్ను గుర్తుపట్టి, మీకు ఆ రోజే విడిపోయింది కదమ్మా అనవచ్చు. అందుకని ఆమె బాగుపడకుండా చూసుకున్నాను. ఇంత సూటిగా ఈ వాక్యం ఇంతవరకు నా మనసులో కూడా అనుకోలేదు. నా పరువు ఒక పక్క, ఆమె వేలు ఒక పక్క పెట్టి చూసుకున్నాను. చూసుకుని నా పరువే తీసుకున్నాను.

అత్త ఆమెను నాటుకట్టు కట్టే మనిషి దగ్గరికి తీసుకెళ్ళింది. గుడ్డుసొన, మినపపిండి, ఏవో ఆకుల పసరు కలిపి, వెదురుబద్దలు పెట్టి, ఒక మండలం, నలభై ఎనిమిది రోజులు, విప్పొద్దని కట్టాడు. ఎముక విరిగినవాళ్ళకు ఆ కట్టు మంచిదేనేమో. వనజకు విరిగింది ఏముంది? మండలం తరువాత విప్పితే వేలు టక్కుమనడం మానేసింది. ఎందుకంటే అసలు కదలడమే మానేసింది. సగం వంగి బిగుసుకుపోయింది.

ఆమె ఏం చేసిందో తెలుసా? చూపుడువేలికీ నడిమివేలికీ మధ్య పిండి పెట్టుకుని మెలి తిప్పడం నేర్చుకుంది. ఎవరికీ చెప్పకుండా, మధ్యాహ్నాలు ఒట్టి పిండిముద్దతో. నేను పుస్తకం వెనకనుంచి చూస్తూనే ఉన్నాను. ఆ మురుకులు చూసి చుట్టాలు, ఈ మధ్య మీ ఇంటి చుట్టు కాస్త వదులైంది అన్నారు. ఆమె తల వంచుకుంది. నేనూ వంచుకున్నాను.

అన్నిటికంటే నన్ను కోసేది ఇంకొకటి. వనజ కూతురికి అప్పుడు ఎనిమిదేళ్ళు, నడుం దాకా జుట్టు. బడికి రెండు జడలు వేసుకుని రావాలి. వాళ్ళమ్మ వేలు పనిచేయదు, పెద్దమ్మ వేలు పనిచేయదు, అవ్వకు చేతులు వణుకు. ఇంట్లో జడ వేసే ఆడది లేదని ఆ పిల్ల జుట్టు భుజాల దాకా కత్తిరించేశారు. పిల్ల ఏడ్చింది. వనజ కూడా ఏడ్చింది. నేను ఓదార్చాను. రెండు జడలు వేయడానికి నాకు అయిదు నిమిషాలు పట్టేది. ఓదార్చడానికి చాలాసేపు పట్టింది.

అత్త పోయాక ఏడుచుట్ల మురుకుల గోల తగ్గింది. ఇప్పుడు సారె మురుకులు డబ్బాల్లో కొట్టునుంచే వస్తున్నాయి, చెయ్యి మారిందని ఏ పెళ్ళీ ఆగలేదు. ఎన్నో ఏళ్ళకు వనజను ఒక పెద్ద డాక్టరుకు చూపించాం. పక్క కుర్చీలో నేనే ఉన్నాను. మొదట్లోనే వచ్చుంటే సూదితో పోయేది, ఇప్పుడు కీలే బిగుసుకుపోయింది అన్నాడాయన. కోసి ఆపరేషను చేస్తే వేలు కొంచెం తిన్నబడింది, అంతే. ఆ రోజు ఆటోలో వస్తూ వనజ నాతో అంది, ఆయన అట్లనే అంటాడు అక్కా, నీకు పనిచెయ్యనిది నాకు మాత్రం చేసుంటాదా అని. నన్ను ఓదార్చడానికే అంది. ఆసుపత్రి సందు దాటకముందే చెప్పేద్దామనుకున్నాను. సందు దాటింది. రోడ్డు దాటింది. ఇల్లొచ్చింది.

ఇంకొకటి కూడా ఒప్పుకుంటాను. ఇదంతా తెలుగులో ఎందుకు రాస్తున్నాను? నా భాష కాబట్టి అనుకుంటారు మీరు. అది సగమే నిజం. వనజ చదువంతా తమిళంలో. తెలుగు మాట్లాడుతుంది గానీ ఒక్క అక్షరం చదవలేదు. పిల్లలూ అంతే. ఈ కాగితాలు బల్ల మీద పరిచిపెట్టి పోయినా మా ఇంట్లో ఎవరికీ ఏమీ తెలియదు. ఒప్పుకోవడంలో కూడా దాక్కునే చోటు ముందే చూసిపెట్టుకున్నాను. అయినా సరే, ఇంతవరకు రాసేసరికి ఊపిరి బాగా ఆడుతోంది.

పైదంతా పోయిన వారం రాసి ఆపేశాను. ఇక్కడితో సరిపోతుందనుకున్నాను.

సరిపోలేదు. మేమిప్పుడు ఒకే మేడలో పైనా కిందా ఉంటాం. పదకొండింటికి వనజ కాఫీకి పైకి వస్తుంది. ఆ రోజూ వచ్చి, సాంబారు ఉల్లిపాయలు ఒలుస్తూ కూర్చుంది, బొటనవేలు పక్కకు పెట్టి మిగతా వేళ్ళతో. ఏం రాస్తా ఉండావు అక్కా ఇన్ని పేజీలు అంది. చదవనా అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. చదువు అంది.

మొదటినుంచీ చదివాను. ఎక్కడా తప్పించలేదు. ఆమె అడిగిన ప్రశ్న వచ్చినప్పుడు ఒలవడం ఆపింది. నేను చెప్పిన జవాబు వచ్చినప్పుడు నేను కాగితం దించి, ఆ సూది పనిచేసింది వనజా, ఆ పొద్దే పనిచేసింది అన్నాను. కాగితంలో లేని మాట అది. జడల సంగతి కూడా చదివాను. చదవడం అయిపోయాక నేను తలెత్తలేకపోయాను. ఆమె ఒళ్ళో పడ్డ పొట్టు దులుపుకుంది. తరువాత అడిగింది.

"నొప్పి పుట్టిందా అక్కా, ఆ సూది?"

"లేదు," అన్నాను. "చీమ కుట్టినంత."

తల ఊపింది. ఒలిచిన ఉల్లిపాయలు, ఒలవనివి, అన్నీ పళ్ళెంలోకి ఎత్తుకుని కిందికి వెళ్ళిపోయింది.

ఆరు రోజులైంది. పైకి రాలేదు. క్షమించమని నేను అడగలేదు, అడిగే ముఖం లేదు. వస్తుందో రాదో కూడా తెలియదు. పదకొండయ్యేసరికి ఒక గ్లాసు ఎక్కువ కాఫీ కలుపుతున్నాను, చల్లారాక నేనే తాగుతున్నాను. బాధగా ఉంది. కానీ నిజం చెబుతున్నాను, ఇన్నేళ్ళలో ఇంత హాయిగా నేనెప్పుడూ లేను. పొద్దున లేవగానే, ఈ రోజు ఏమేం దాచాలి అని వెతుక్కోవడం లేదు.

ఇవాళ పొద్దున మెట్ల మీద ఎదురుపడ్డాం. నేను కూరల సంచీతో ఎక్కుతున్నాను, ఆమె మిద్దె మీద బట్టలు ఆరేసి దిగుతోంది. పక్కకు జరిగి దారిచ్చింది. నా ముఖం చూడలేదు, నా చెయ్యి చూసింది. సంచీ పిడి మీద బొటనవేలు తిన్నగా ఉంది. ఆమె చూసినంతసేపూ నేను దాన్ని మడవలేదు.